పులి ఏడ్చిందన్న టోపీ

ఒక పెద్ద అడవిలో రాసేవాళ్లకు కొదవ లేదు, చదివేవాళ్లకే కరువు. నక్కలు ఆత్మకథలు రాసేవి. నెమళ్లు తమ తోకల మీద తామే పద్యాలు కట్టుకునేవి. కప్పలైతే వానాకాలమంతా ఒకటే పాట రాసి, అది నాదంటే నాదని తగువులాడుకునేవి.

ఆ అడవిలో నాంచారమ్మ అనే అలుగు ఉండేది. ఒళ్లంతా పెంకుల్లాంటి పొలుసులు, పొడుగు మూతి, నేలచూపులు. అసలు అలుగుల జాతే బిడియపు జాతి. ఎవరైనా పలకరిస్తే బంతిలా చుట్టుకుపోతాయి. నాంచారమ్మ మరీనూ. పక్కింటివాళ్లను ఎవరైనా పలకరించినా తను చుట్టుకుపోయేది.

అలాంటిది ఎలా రాసిందో ఏమో, ఒక పుస్తకం రాసింది. పంతొమ్మిది టేకు ఆకులు, గోటితో గీసి గీసి. పేరు ‘చెదపుట్టలో పెళ్లి’. అలుగులకు చెదలంటే ప్రాణం, మూడు పూటలా అవే తిండి. తినే వాటి గురించి ఇంత ప్రేమగా ఎలా రాశావమ్మా అని ఎవరూ అడగలేదు. అడగాలంటే చదివి ఉండాలి కదా.

పుస్తకం మద్దిచెట్టు తొర్రలో ఉంది. అడవి గ్రంథాలయం అదే. దానికి అధికారి తొండ గుర్నాథం. ఆయన ముందు ఎవరేం మాట్లాడినా తల ఊపుతాడు. పని అయిందనుకుని వచ్చినవాళ్లు సంతోషంగా వెళ్లిపోతారు. పని మాత్రం అక్కడే ఉంటుంది.

తల ఎలా ఊపినా, గుర్నాథం రూలు తప్పడు. పుస్తకం చదివినవాళ్లు ఆయన ఎదురుగా కూర్చుని కథలో ఏం జరిగిందో తమ నోటితో చెప్పాలి. చెబితే ఆ పుస్తకం అర మీద ఒక గీత గీస్తాడు. తొలకరి పడేనాటికి ఏడు గీతలు లేకపోతే ఆ అర ఖాళీ చేసి గబ్బిలాల సంఘానికి వసతి కింద ఇచ్చెయ్యాలి. ఆకులు ఎరువుగుంటలోకి.

నాంచారమ్మ అర మీద ఆరు గీతలున్నాయి. ఒకటి కాలు విరిగి కదల్లేక చదివిన ఎలుగుబంటిది. ఒకటి చదువుతూ మధ్యలో నిద్రపోయి, లేచి మళ్లీ మొదటినుంచీ చదివిన ఉడతది. మిగతా నాలుగూ నాంచారమ్మ అక్కచెల్లెళ్లవి.

ఇంకొక్క గీత కావాలి. తొలకరికి ఇరవై రోజులుంది. ఎవరినైనా పిలిచి “కాస్త చదివి పెట్టండి” అంటే సరిపోయేది. అలా నోరు పెగిలి ఎవరితోనూ ఒక్క మాట అనలేకే నాంచారమ్మ పుస్తకం రాసింది మరి.

ఆవిడకు ఒక అభిమాన సంఘం ఉందండోయ్. ముగ్గురు సభ్యులు. అధ్యక్షుడు నెమలి విలాసరావు, ప్రచారకర్త నక్క కోదండం, కుట్టుపని గిజిగాడు వీరేశం. నాంచారమ్మ అడక్కుండానే ఏర్పడిన సంఘం అది. సంగతి తెలిసి వాళ్లే ఆవిడ పుట్ట దగ్గరికి వచ్చి సమావేశం పెట్టారు.

“అమ్మా, మీరేం బెంగపడకండి,” అన్నాడు విలాసరావు, పించం సర్దుకుంటూ. “ఒక్క గీత ఏమిటి, నూరు గీతలు గీయిస్తాం.”

నాంచారమ్మ సగం చుట్టుకుని ఉంది. ఆ సగంలోంచే సన్నగా అంది, “నూరొద్దు బాబూ. ఒక్కటి చాలు. మీలో ఎవరైనా చదివితే...”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“నేనెలా చదవనమ్మా, అధ్యక్షుణ్ణి,” అన్నాడు విలాసరావు. “అధ్యక్షుడే చదివితే పక్షపాతం అంటారు.”

“నాకు కుట్టుపనే తీరదు,” అన్నాడు వీరేశం. “మా ఆవిడ ఇప్పటికి ఏడు గూళ్లు అల్లిస్తే ఆరింటికి వంక పెట్టింది.”

కోదండం మాత్రం నిట్టూర్చాడు. “నాంచారమ్మగారూ, నాకు మీరంటే ఎంత అభిమానమంటే, చదివితే ఎక్కడ తగ్గిపోతుందోనని భయం. పైగా చదివినవాడు నినాదం రాయలేడు. ఉన్నది ఉన్నట్టు వచ్చేస్తుంది.”

“నినాదమా?” అంది నాంచారమ్మ.

“టోపీల మీద రాసే నినాదం. మోదుగాకు టోపీ, ముందువైపు మీ పుస్తకం గురించి ఒక మాట. అడవిలో ప్రతి తల మీదా అదే ఉంటుంది. చూసినవాడు చదవకుండా ఉండలేడు.”

కోదండానికి ఈ పనిలో పేరుంది. పోయిన ఏడాది కప్పల పాటకు ‘వినకపోయినా వినబడుతుంది’ అని రాసింది ఆయనే.

నాంచారమ్మ చాలాసేపు ఆలోచించింది. తర్వాత మూతి కొంచెం బయటికి పెట్టి, “ఇలా రాస్తే ఎలా ఉంటుంది? ‘ఇందులో ఒక పెళ్లి జరుగుతుంది. వచ్చి చదవండి’,” అంది.

కోదండం జాలిగా చూశాడు. “అమ్మా, అది నినాదం కాదు. సమాచారం. సమాచారం టోపీ మీద నిలవదు, జారిపోతుంది.”

“‘చదవకపోతే పళ్లూడతాయి’ అందాం,” అన్నాడు వీరేశం.

“నీకూ నాకూ ముక్కులు కదయ్యా. పక్షులు భయపడవు,” అన్నాడు విలాసరావు. “‘విలాసరావు మెచ్చిన పుస్తకం’ అని నా బొమ్మ వేస్తే?”

“మీరు చదవలేదుగా.”

“మెచ్చడానికి చదవాలా?”

అలా మధ్యాహ్నం దాకా సాగింది. కోదండం కళ్లు మూసుకుని, తోకతో నేల మీద రాస్తూ, చెరుపుతూ, చివరికి ఒక్కసారి లేచి నిలబడ్డాడు.

“‘ఈ కథ చదివి పులి ఏడ్చింది.’ అంతే. ఇంకొక్క మాట అక్కర్లేదు.”

విలాసరావు పించం పూర్తిగా విప్పేశాడు.

“పులిదొరగారు చదవలేదు కదా,” అంది నాంచారమ్మ.

“చదవలేదని ఎవరికి తెలుసు? వెళ్లి అడుగుతారా ఎవరైనా?”

ఆ మాటతో నాంచారమ్మ మొత్తం చుట్టుకుపోయింది. బంతిలోంచి ‘వద్దు, వద్దు’ అని వినబడుతూనే ఉంది. కానీ బంతిలోంచి వచ్చే మాట తీర్మానాల పుస్తకంలోకి ఎక్కదు. ‘రచయిత్రి మౌనంగా అంగీకరించారు’ అని రాసుకుని సంఘం లేచింది.

టోపీలు మూడు రోజుల్లో తయారయ్యాయి, వారానికి అడవంతా పాకాయి. అడవి దున్నలు కొమ్ముకొకటి చొప్పున రెండేసి పెట్టుకున్నాయి. ఏనుగు టోపీకి ఒక చెట్టంతా బోసిపోయింది. పాముకు తల కంటే టోపీ పెద్దదై అది చుట్టూ తిరిగినా టోపీ తిన్నగానే ఉండేది. సంచులొచ్చాయి, సొరబుర్రలొచ్చాయి. అన్నింటి మీదా ఒకటే మాట, ఈ కథ చదివి పులి ఏడ్చింది.

“ఎందుకు ఏడ్చిందంటావ్?” అనేది దుప్పి.

“పాపం, ఏం కష్టమో,” అనేది కుందేలు, ఎంతో సంతోషంగా.

ఎక్కడ చూసినా ఇదే మాట. పులి ఎంతసేపు ఏడ్చింది, ఏ కంటితో ముందు ఏడ్చింది, ముక్కు ఎవరు తుడిచారు. ఇవన్నీ మాట్లాడుకోవడానికే పొద్దు చాలక, ఒక్కరూ తొర్ర మొహం చూడలేదు.

నాంచారమ్మ రోజూ పొద్దున్నే వెళ్లి అర చూసుకునేది. ఆరు గీతలు. గుర్నాథాన్ని అడగడానికి ధైర్యం చాలక, గీతల్ని గోటితో తడిమి లెక్కపెట్టుకుని వచ్చేసేది. ఒకరోజు ఒక గబ్బిలం అప్పుడే వచ్చి తలకిందులుగా వేలాడి అర కొలుస్తోంది. “గాలి బాగా ఆడుతుందా అండీ?” అని అడిగింది నాంచారమ్మను, ఆవిడే ఆ పుస్తకం రాసిందని తెలియక. ఆవిడ తలూపి వచ్చేసింది.

పదకొండో రోజున పులిదొర వేటకు బయల్దేరితే ఎదురుగా ఒక అడవిపంది వస్తోంది. పారిపోవాల్సింది పోయి నిలబడి, టోపీ తీసి, “ధైర్యంగా ఉండండి దొరా. అన్నీ సర్దుకుంటాయి,” అని ఓదార్చింది.

దొరకు ఆకలి చచ్చిపోయింది.

టోపీ లాక్కుని చదివాడు. చదివి, తిన్నగా నాంచారమ్మ పుట్ట దగ్గరికి వచ్చాడు. వెనకే అడవంతా వచ్చింది. అభిమాన సంఘం కూడా వచ్చింది, కానీ అందరికంటే వెనకాల నిలబడింది.

“నాంచారమ్మవి నువ్వేనా?”

పుట్ట ముందు ఒక బంతి ఉంది. బంతి ఇంకాస్త బిగుసుకుంది.

“నేను ఏడ్చానా?”

“లేదండి,” అంది బంతి.

“మరి ఇదేమిటి?”

“నేను వద్దన్నానండి.”

దొర చుట్టూ చూశాడు. అన్ని తలల మీదా తన కన్నీళ్లే. చించి పారేద్దామంటే నాలుగొందల టోపీలు. చంపేద్దామంటే, ఏడుపు దాచుకోవడానికి చంపాడంటారు. దొరతనంలో ఉన్న ఇబ్బందే అది. బలం ఎంత ఉన్నా పుకారుకు మెడ దొరకదు.

“సరే,” అన్నాడు. “ఆ పుస్తకం తెప్పించండి. మీ అందరి ముందూ చదువుతాను. ఏడిస్తే అప్పుడు పెట్టుకోండి టోపీలు.”

గుర్నాథం తల ఊపుకుంటూ పంతొమ్మిది ఆకులూ మోసుకొచ్చాడు.

పులి బండ మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. చుట్టూ అడవంతా గొంతుక్కూర్చుని చూస్తోంది, పుస్తకాన్ని కాదు, దొర కళ్లను. కోతులు చెట్లెక్కి పైనుంచి చూశాయి. కొంగ దగ్గరగా వచ్చి మెడ చాచింది. దొర కూడా కథ వదిలేసి తన కళ్ల మీదే ధ్యాస పెట్టాడు. రెప్ప వేస్తే తడి అనుకుంటారని రెప్ప వెయ్యలేదు. రెప్ప వెయ్యకపోతే కళ్లు మండి నీళ్లొస్తాయని భయపడి, ఆకులు గబగబా తిప్పేశాడు. ఏడో ఆకు దగ్గర ఒక ఈగ ముక్కు మీద వాలింది. దొర ముక్కు ఎగబీల్చాడు.

“అదిగో,” అన్నారెవరో.

దొర అటు చూశాడు. కోతులు ఆకుల చాటుకు తప్పుకున్నాయి.

బంతిలోని చిన్న సందులోంచి నాంచారమ్మ చూస్తూనే ఉంది. తను నెల్లాళ్లు రాసిన ఆకును ఆయన గుక్కెడు నీళ్లు తాగినంత సేపట్లో తిప్పేస్తుంటే, ప్రాణం పోతుందన్న భయం కంటే అదే ఆవిడకు ఎక్కువ నొప్పిగా ఉంది.

పంతొమ్మిదో ఆకు కింద పడేసి పులి లేచి నిలబడింది. కళ్లు ఎర్రగా, పొడిగా ఉన్నాయి.

“చూశారుగా. రేపట్నుంచి అన్ని టోపీల మీదా ‘ఈ కథ చదివి పులి ఏడవలేదు’ అని ఉండాలి. లేని తల కనబడిందా, టోపీ ఉండదు, తలా ఉండదు.”

కోదండం అప్పుడు ముందుకొచ్చాడు. “అద్భుతమైన నినాదం దొరా. నాకే తట్టలేదు,” అని దండం పెట్టాడు. వీరేశం మళ్లీ నాలుగొందల టోపీలు కుట్టడానికి కూర్చున్నాడు.

అడవికి కొత్త భయం పట్టుకుంది. దొరే ఏడవని కథకు మనం ఏడ్చామని ఎవరైనా అంటే? విలాసరావు దానికో ఉపాయం చెప్పాడు. ప్రతి జంతువూ గ్రంథాలయానికి వెళ్లి, పుస్తకం ముందు నిలబడి, ఏడవలేదని రుజువు చేసుకోవాలి. మర్నాటి నుంచి మద్దిచెట్టు ముందు వరస. కొమ్ములు, తోకలు, రెక్కలు, అన్నీ తోసుకుంటూ.

నాంచారమ్మకు ఆశ పుట్టింది. ఇంతమందిలో ఒక్కరైనా చదవరా? చెట్టు వెనక నక్కి చూస్తూ కూర్చుంది.

దున్న లోపలికెళ్లింది. మొదటి ఆకు ఎత్తి మొహానికి అడ్డంగా పెట్టుకుని, దించి, తడి లేని మొహం అందరికీ చూపించింది.

“కథలో ఏం జరిగింది?” అన్నాడు గుర్నాథం.

“నేను ఏడవలేదు.”

గుర్నాథం తల ఊపాడు. దున్న వచ్చేసింది. తర్వాత దుప్పి.

“కథలో ఏం జరిగింది?”

“నేనూ ఏడవలేదు.”

తల ఊపాడు. ఏనుగు, కుందేలు, ముంగిస, అడవికోళ్లు, కొండచిలువ. కొండచిలువ ఆకు తిరగేసి పట్టుకుంది. అయినా ఏడవలేదు. వారం రోజుల్లో నాలుగొందల మంది వచ్చి ఏడవకుండా వెళ్లారు.

చివరి రోజున నాంచారమ్మ ఆపుకోలేక లోపలికి వెళ్లింది. అర మీద ఆరే గీతలు.

“గుర్నాథంగారూ, నాలుగొందల మందికి తల ఊపారు కదండీ.”

“ఊపాను.”

“మరి గీత?”

“కథ చెప్పలేదు కదమ్మా ఎవరూ.”

“మరి తల ఎందుకు ఊపారు?”

“అది నా మెడమ్మా. రూలు కాదు,” అన్నాడు గుర్నాథం, తల ఊపుతూ.

బయట పడమటి కొండ మీద మబ్బు పట్టింది. గబ్బిలాలు మూటలు తెచ్చుకుని తొర్ర బయట కొమ్మకు వరసగా వేలాడుతున్నాయి. తొలి చినుకు పడితే లోపలికి రావడమే. నాంచారమ్మ తన పంతొమ్మిది ఆకులూ సర్ది, ఈనెతో కుట్టుకుని, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎరువుగుంట దాకా తనే తీసుకెళ్దామనుకుంది. పరాయివాళ్లు విసిరేస్తే చూడటం తన వల్ల కాదు.

మిట్టమధ్యాహ్నం. ఉక్కకు అడవంతా ఎక్కడివాళ్లక్కడ పడి నిద్రపోతోంది. తొర్ర గుమ్మంలో వెలుగు తగ్గింది. తిరిగి చూస్తే పులిదొర.

నాంచారమ్మ చుట్టుకోబోయింది. ఒళ్లో ఆకులుండేసరికి చుట్టుకోవడానికి వీల్లేకపోయింది.

“ఎవరూ లేరుగా?” అన్నాడు దొర.

గుర్నాథం తల ఊపాడు.

దొర లోపలికొచ్చి, తోక మడుచుకుని కూర్చుని, కాసేపు గోళ్లు చూసుకున్నాడు. “అదేంటంటే. ఐదో ఆకులో ఆడపెళ్లివారు ఆకలికి ఆగలేక పందిరి తినేశారని ఉంది. నేను గబుక్కున తిప్పేశాను. పందిరి లేకుండా మరి పెళ్లెలా చేశారు?”

నాంచారమ్మ ఆకులు ఒళ్లోకి ఇంకా దగ్గరగా లాక్కుంది.

“వారం నుంచి ఇదే. నిన్న దుప్పి ఎదురుగా నిలబడితే, ఆ ఆడపెళ్లివారి తరఫున పందిరి ఎవరు వేస్తారా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. అది వెళ్లిపోయింది. చెప్పమ్మా, ఏమైంది?”

నాంచారమ్మకు తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “చెప్పనండి.”

“ఏమిటీ?”

“చెప్పను. ఆ రోజు మీరు కథ చదవలేదు, మీ కళ్లు మీరు కాసుకున్నారు. ఇవిగో ఆకులు. ఇప్పుడు చూసేవాళ్లు లేరు.”

గుర్నాథం మెడ మొదటిసారి ఆగిపోయింది. అలుగు పులితో ‘చెప్పను’ అంది.

దొర ఆవిడ వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు, ఆకులు తీసుకున్నాడు. మొదటి ఆకు నుంచి మొదలుపెట్టాడు. నెమ్మదిగా, పెదాలు కదుపుతూ. ఐదో ఆకు దగ్గర గుర్రుమని నవ్వాడు. ఎనిమిదో ఆకులో మగపెళ్లివారు రోషం వచ్చి పీటలు తినేస్తే పొట్ట పట్టుకున్నాడు. పధ్నాలుగు దాటాక నవ్వు ఆగింది. చివరి ఆకు చదివి చాలాసేపు దాన్నే పట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడు గుర్నాథం గొంతు సవరించుకున్నాడు. రూలు రూలే. “కథలో ఏం జరిగింది దొరా?”

“నన్నే అడుగుతున్నావా?”

గుర్నాథం తల ఊపాడు. భయంతో ఊపాడో అలవాటుగా ఊపాడో ఎవరికీ తెలియదు.

నాంచారమ్మ అర వైపు చూసింది. ఒక్క గీత. బయట ఉరిమింది. గబ్బిలాలు మూటలు సర్దుకున్నాయి.

“పందిరీ లేదు, పీటలూ లేవు,” అని మొదలుపెట్టాడు దొర, ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి. “పెళ్లికూతురికి ఒక అవ్వ ఉంది. చూపు లేదు. చెదలకు చూపెక్కడిది. మనవరాలి పందిరిరాట తడిమి చూశాక కన్నుమూస్తానంది. రాట ఎక్కడిది, అందరి పొట్టల్లో ఉంది. అప్పుడు అటువాళ్లూ ఇటువాళ్లూ తగువు మానేసి ఒకరి మీద ఒకరు నిలువుగా ఎక్కి నాలుగు రాటలై నిలబడ్డారు. పెళ్లికూతురే ఒక రాటకు అడుగున నిలబడింది. అవ్వ వచ్చి తడిమింది. తడిమి, ‘ఈ రాట వెచ్చగా ఉందేమే’ అంది. ‘కొత్త కొయ్య అవ్వా’ అన్నారు. అవ్వ చెవి ఆనించి విని, ‘దీని గుండె కొట్టుకుంటోందే’ అని...”

అక్కడ దొర ఆగాడు. మీసాల మీదుగా జారి ఒక చుక్క టేకు ఆకు మీద పడింది. ఇంకొకటి పడింది.

“‘...ఇంత గట్టి పందిరి నా పెళ్లికి కూడా వెయ్యలేదు’ అంది,” అని ముగించి, దొర మొహం అటు తిప్పుకున్నాడు.

గుర్నాథం అర మీద ఏడో గీత గీశాడు. నాంచారమ్మ ఆ గీత వైపు చూడనే లేదు. పులి మీసాల వైపే చూస్తోంది.

అప్పుడు పడింది తొలకరి. గబ్బిలాలు మూటలతో గుమ్మంలోకి వచ్చి, లోపల దొరను చూసి, వచ్చినట్టే వెనక్కి ఎగిరిపోయాయి.

దొర చటుక్కున లేచాడు. తడిసిన ఆకు చూశాడు, గుర్నాథాన్ని చూశాడు. “ఈ తొర్ర కారుతోంది,” అన్నాడు.

గుర్నాథం పైకి చూశాడు. వెయ్యేళ్ల మద్ది, చుక్క నీరు దిగదు. తల ఊపాడు.

“నువ్వేమైనా చూశావా?”

తల ఊపాడు.

“చూడలేదుగా?”

దానికీ ఊపాడు. దొర ఆ మెడ వైపు చాలాసేపు అనుమానంగా చూసి, ఏమీ తేల్చుకోలేక వానలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆజ్ఞ వచ్చింది. గ్రంథాలయం కప్పు కారుతున్నందున వెంటనే బాగుచేయించవలెను. విలాసరావు అధ్యక్షతన మరమ్మతు సంఘం ఏర్పడింది. నాలుగొందల మంది ‘పులి ఏడవలేదు’ టోపీలు పెట్టుకుని, మద్దిచెట్టెక్కి, లేని చిల్లు కోసం వానాకాలమంతా వెతికారు. లోపల, పొడిగా ఉన్న అరలో, నాంచారమ్మ రెండో పుస్తకం మొదలుపెట్టింది.

ఇందులోంచి ఇంటికి పట్టుకెళ్లాల్సింది ఒక్కటే: పుస్తకం చదివి పెద్దవాళ్ల కళ్లు తడిశాయంటే, ముందుగా కప్పు బాగుచేయించాలి.